మైనస్ పది కోసం

జనవరి, మంగళవారం, రాత్రి

ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా మోచేతుల దగ్గర ఇంకా జిగురు పోలేదు. జుట్టులో కూడా ఉన్నట్టుంది. పొద్దంతా ద్రాక్ష పిండే ప్రెస్ దగ్గరే నిలబడ్డాను మరి. ఐస్‌వైన్ అంటే తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్. దాని రసం తీసిన రోజు ఇంటికొచ్చి ఏది ముట్టుకున్నా అంటుకుంటుంది. తలుపు గొళ్లెం, ఫోను, ఇప్పుడు ఈ పెన్ను కూడా.

నిన్న సాయంత్రం నుంచే అందరి ధ్యాసా వాతావరణం మీదే. ఇక్కడ కెనడాలోని ఒంటారియోలో ఐస్‌వైన్‌కి ద్రాక్ష తెంపాలంటే మైనస్ 8 డిగ్రీలకో, అంతకన్నా కిందికో దిగాలి. అది రూలు. ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టిస్తే ఒప్పుకోరు, తీగ మీదే గడ్డకట్టాలి. కానీ మైనస్ 8 పడిందని వెంటనే తోటలోకి పరిగెత్తేవాళ్లు తక్కువ. మైనస్ 10, 11 కోసం కాచుకుని కూర్చుంటారు. మైనస్ 8 దగ్గర పండులో నీళ్లు సరిగ్గా గడ్డకట్టవు, రసం పలచబడుతుంది. మైనస్ 14కి పడిపోయిందా, పండు బిగుసుకుపోయి ఎంత నొక్కినా చుక్క రాలడమే కష్టం. ఆ మధ్య సందులోనే మా పనంతా. ఆ సందు కూడా రాత్రిపూటే దొరుకుతుంది, తెల్లారాక రెండు మూడు గంటల్లో జారిపోతుంది.

అర్ధరాత్రి దాటాక ఫోన్ వచ్చింది, "రండి" అని. నయాగరా ఆన్ ద లేక్ దగ్గర మాది చిన్న వైనరీ. పెద్ద కంపెనీలు మెషీన్లతో కోసేస్తాయి, మేం ఇంకా చేత్తోనే తెంపుతున్నాం. తలకి లైటు, రెండు జతల గ్లవ్స్, ముక్కు దాకా మఫ్లర్. వరసల మీద కప్పిన వలలు విప్పడమే సగం పని. మంచు పట్టి అవి కొక్కేలకి అతుక్కుపోయి ఉంటాయి. వలలు లేకపోతే సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ఒక్క గుత్తి కూడా మిగలదు. ఇక్కడి స్టార్లింగ్ పిట్టలు మన గోరింకల కుటుంబమే, బుద్ధులు కూడా అవే. గుంపుగా దిగాయంటే ఒక్క పూటలో వరస ఖాళీ.

వీడాల్ అని ఒక రకం ద్రాక్ష ఉంది, ఫ్రాన్స్‌లో పుట్టిన సంకరం. తోలు మందం కాబట్టి వానకీ మంచుకీ పగలకుండా జనవరి దాకా తీగని పట్టుకుని ఉంటుంది. చూడ్డానికి ఏమీ బాగుండదు. గోధుమ రంగుకి తిరిగి, ముడతలు పడి, దుమ్ము పట్టినట్టు ఉంటుంది. జమైకా నుంచి సీజన్ పనికి వచ్చే పెద్దాయన ఒకరు నా పక్క వరసలో ఉన్నారు. ఆయన చేతులు నాకన్నా రెట్టింపు వేగం, పైగా పాడుకుంటూ. గుత్తి డబ్బాలో పడ్డప్పుడల్లా ఠక్కుమని చప్పుడు. చప్పుడు మెత్తబడిందంటే పండు కరుగుతోందని అర్థం, ఇక ఆపెయ్యాలి.

తెల్లారేసరికి డబ్బాలన్నీ ప్రెస్ దగ్గరికి చేర్చాం. షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉంచుతాం, లోపల కూడా బయటంత చలి ఉండాలి కాబట్టి. రసం తీసేటప్పుడు కూడా మైనస్ 8 దాటి వెచ్చబడకూడదు. పిండుతుంటే ఏం జరుగుతుందో నేను ఇక్కడివాళ్లకి చెప్పలేను కానీ మనవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చిన్నప్పుడు పుల్ల ఐసు గట్టిగా పీలిస్తే రంగూ తీపీ నోట్లోకి వచ్చేసి, పుల్ల మీద తెల్లటి మంచు మిగిలేది కదా, అదే ఇది. నీళ్లు ముందు గడ్డకడతాయి. చక్కెర, పులుపు, వాసన గడ్డకట్టకుండా మిగిలిన ఆ కొంచెం రసంలోకి చేరతాయి. ప్రెస్ ఆ కొంచాన్నే బయటికి లాగుతుంది, మంచు లోపలే ఉండిపోతుంది.

మొదటి చుక్క కోసం చాలాసేపు ఆగాలి. ప్రెస్ మూలుగుతూ ఉంటుంది, గొట్టం చివర ఏమీ ఉండదు. బిగించడం, వదలడం, మళ్లీ బిగించడం. తర్వాత సన్నగా తీగలా మొదలవుతుంది. కాసేపు గిన్నెలోకి దిగుతున్నట్టే ఉండదు, వేలాడుతున్నట్టు ఉంటుంది. రంగు ముదురు తేనె. ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ (రసంలో చక్కెర కొలిచే పరికరం) గాజు మీద వేసి వెలుతురుకి పెట్టి చూస్తే గీత 50 బ్రిక్స్ పైన నిలబడింది. బ్రిక్స్ అంటే నూరు గ్రాముల రసంలో ఇంచుమించు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో ఆ లెక్క. మామూలు వైన్‌కి తెంపే ద్రాక్షలో 22 ఉంటే సంతోషిస్తారు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ముందు తీపి మొహం మీద కొట్టినట్టు, వెనకే దవడల దగ్గర జివ్వుమని పులుపు. ఆ రెండోది లేకపోతే దీన్ని నేను పానకం అనే అంటాను.

పోనుపోను అంకె పడిపోతుంది. 50, 46, 42. మొత్తం కలిపి సగటున 35కి తగ్గకూడదని రూలు. ఇక్కడే ప్రతి ఏడాదీ చిన్న గొడవ. ఇంకో గంట నడిపితే ఇంకొన్ని లీటర్లు వస్తాయి. అసలే మామూలుగా తెంపితే వచ్చే రసంలో ఐదో వంతు కూడా రాని పంట ఇది. అందుకే 375 మిల్లీలీటర్ల చిన్న సీసాకే చాలా చోట్ల యాభై డాలర్లు దాటుతుంది. అయినా మా వైన్‌మేకర్ 38 దగ్గరే ఆపించేశారు. తేదీ, సమయం, ఎంత చలి, ఎన్ని టన్నులు, ఎంత బ్రిక్స్, అన్నీ కాగితం మీద రాసి పంపాలి కాబట్టి ఎవరూ ఊరికే అంకెలు వెయ్యలేరు. ఈ కాగితాల మీద నాకు విసుగే, కానీ అవి ఉండబట్టే ఐస్‌వైన్ అన్న మాటకి విలువ ఉంది.

పది గంటలకి అమ్మ వీడియో కాల్. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అన్నం తిని కూర్చుంది. నా మొహం చూసి, "గంత చలిల రాత్రిపూట తోటల ఏం పని బిడ్డా? పొద్దుగాల తెంపితే ద్రాక్ష కాదా?" అంది. ఎండ తగిలితే పాడవుతుందమ్మా అంటే నవ్వింది. మేడ్చల్ దగ్గర తాతకి ద్రాక్ష పందిళ్లు ఉండేవి. అనాబ్-ఎ-షాహి, పొడుగు కాయ. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఆయన రోజంతా ఆకాశం వైపే చూసేవారట, కోతకి ముందు వాన పడితే పంట పోయినట్టే. అమ్మ ఆ సంగతి చెప్పి, "మీకు వాన గురించి కాదు, చలి రాదేమోనని బుగులు" అంది. అంతే. ఆ పందిళ్ల చోట ఇప్పుడు ప్లాట్లు. చివర్లో ఎప్పటిలాగే, "నువ్వు తాగుతలేవు కదా?" అని. రుచి చూసి ఉమ్మేస్తాం అన్నాను. "ఉమ్మేసేదానికి గింత కష్టమెందుకు" అంది. నా దగ్గర జవాబు లేదు.

చలి రాదేమోనన్న బుగులు ఉత్తిదేం కాదు. ఈ వైన్ పుట్టింది జర్మనీలో. 1830 ఫిబ్రవరిలో రైన్ నది పక్కన, పశువులకి వేద్దామని వదిలేసిన గడ్డకట్టిన ద్రాక్ష పిండితే తీయగా వచ్చిందని చెప్పుకుంటారు. అక్కడి హద్దు మైనస్ 7. 2019 పంటకి ఆ చలి కూడా రాక, దేశం మొత్తం మీద ఐస్‌వైన్ చెయ్యలేకపోయారు. కెనడాకి పేరొచ్చింది 1991లో. మా పక్కనే ఉన్న ఇన్నిస్కిల్లిన్ వైనరీ వాళ్ల 1989 వీడాల్‌కి, ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన విన్‌ఎక్స్‌పో అనే వైన్ల ప్రదర్శనలో పెద్ద బహుమతి వచ్చింది. బహుమతి కథే అందరూ చెబుతారు కానీ నాకు నచ్చేది దానికి ముందుది. 1983లో వాళ్ల మొదటి ప్రయత్నం మొత్తం పిట్టల పాలైంది. 1984లో వలలు కట్టి మళ్లీ మొదలుపెట్టారు. పొద్దున వలలు విప్పుతూ వేళ్లు కొంకర్లు పోతుంటే అదే గుర్తు చేసుకున్నాను.

మధ్యాహ్నం కాస్త ఊపిరి దొరికాక లోపల కూర్చుని రుచి చూశాం. పోయినేడాది ట్యాంకులో ఉన్న వీడాల్ ఒకటి, పదేళ్ల కిందటి సీసా ఒకటి. కొత్తది లేత బంగారు రంగు, ముక్కు దగ్గర పెట్టగానే పీచ్, పండు మామిడి, ఆపైన ఖుబానీ. తాగితే మొదటి క్షణం అంతా తీపే. లీటరుకి రెండు వందల గ్రాముల పైన చక్కెర ఉంది మరి. ఇంత చక్కెరలో, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ బతకడమే కష్టం. నెలల తరబడి నీరసంగా పనిచేసి, ఆల్కహాల్ పది శాతం దగ్గరికి రాగానే చేతులెత్తేస్తుంది. మిగిలిందే ఈ తీపి. కానీ మింగాక (ఈసారి మింగాను, అమ్మా) నోరు శుభ్రంగా ఉంది. జిగట లేదు, వెగటు లేదు, ఇంకో గుక్క కావాలనిపించింది. అది పులుపు చేసే పని. చలి చక్కెరతో పాటు పులుపునీ చిక్కబరుస్తుంది. టూరిస్టులు షాపుకి వచ్చి "ఎంత స్వీట్‌గా ఉంది" అంటారు, లేబుల్ మీద కూడా అదే రాస్తాం. తీపిదేముంది, చక్కెర కలిపితే ఎవరైనా తెస్తారు.

పాత సీసా రంగు రాగి. ఖుబానీ ఎండిపోయింది, నారింజ తొక్క, కాస్త మాడిన చక్కెర. పులుపు మాత్రం ఎక్కడికీ పోలేదు. పదేళ్లు దాన్ని నిలబెట్టింది అదేనని నా నమ్మకం.

గుడ్డిగా కేకుతో, గులాబ్‌జామ్‌తో ఇస్తారు దీన్ని. ఆ రెండూ వైన్ కన్నా తియ్యగా ఉంటే వైన్ నోట్లో పుల్లనీళ్లైపోతుంది. ఇక్కడివాళ్లు బ్లూ చీజ్ పెట్టుకుంటారు, అది బాగుంటుంది. నేను ఇంటి నుంచి వచ్చిన కారం చెక్కల డబ్బా తీసుకెళ్లాను. ఉప్పు, కారం, పళ్ల కింద శనగపప్పు, వెనక చల్లటి గుక్క ఒకటి. జమైకా పెద్దాయన మూడు చెక్కలు తిని, డబ్బాని మెల్లగా తన వైపు జరుపుకున్నారు. రేపు నాకు ఏమీ మిగలదు.

సాయంత్రం వేడినీళ్లతో ప్రెస్ కడగడం. మిగిలిన పిప్పి ఇంకా మంచుగడ్డలాగే ఉంది, గునపంతో కొట్టి తీయాల్సి వచ్చింది. రసం ట్యాంకులో పడుకుంది, మెల్లగా వెచ్చబడ్డాక ఈస్ట్ వేస్తాం. ఒక్కసారిగా వేస్తే చక్కెర దెబ్బకి చచ్చిపోతుంది. పలచటి రసంలో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా ఈ చిక్కదనానికి అలవాటు చెయ్యాలి.

రీస్లింగ్ అని ఇంకో రకం ద్రాక్ష, దాని వరసలు ఇంకా వలల కిందే ఉన్నాయి. శుక్రవారం రాత్రికి మైనస్ 9 చూపిస్తోంది, శనివారం మళ్లీ సున్నా దాటేస్తుందట. మైనస్ 9కే తెంపేద్దామని మా వైన్‌మేకర్, ఇంకో చలిగాలి దాకా ఆగుదామని నేను. రీస్లింగ్‌కి పులుపు ఎలాగూ ఎక్కువ, కాస్త పలచబడినా నిలబడుతుందని ఆయన వాదన. నా వాదనతోనే నన్ను కొట్టారు. రేపు ఇద్దరం తోటలోకి వెళ్లి నాలుగు కాయలు నమిలి చూసి తేల్చుకోవాలి.