తిరుపతి ఎండల్లో పాస్తా సలాడ్: నా అనుభవం

మే నెలలో తిరుపతిలో, అదీ మిద్దె మీద జరిగే పాట్‌లక్‌కి చల్లటి వంట తీసుకెళ్లాలంటే రుచి సంగతి తర్వాత, ముందు అది పాడవకుండా చూసుకోవాలి. బైరాగిపట్టెడలో మా అపార్ట్‌మెంట్ వాళ్లమంతా ఆదివారం సాయంత్రం తలా ఒక వంట చేసుకొచ్చి కలిసి తిందామనుకున్నాం. పులిహోర, అలసంద వడలు, పెరుగన్నం అప్పటికే ఎవరో ఒకరు ఒప్పేసుకున్నారు. పిల్లలేమో పాస్తా అడిగారు. వేడి పాస్తా చేసి పెడితే కాసేపటికే ముద్దయిపోతుంది. అందుకే సలాడ్ చేస్తానన్నాను. అన్నానే గానీ, ముప్పై మందికి అనేసరికి టెన్షన్ పట్టుకుంది.

చాలామంది ఇందులో మయోనైజ్ కలుపుతారు. నేను దాని జోలికే పోలేదు. మా బిల్డింగ్‌లో గుడ్డు ముట్టని పెద్దవాళ్లున్నారు. గుడ్డు లేని మయోనైజ్ దొరుకుతుంది కానీ, ఎండ సంగతేంటి? 32 డిగ్రీలు దాటిన చోట ఫ్రిజ్‌లో ఉండాల్సిన తిండిని గంటకు మించి బయట ఉంచకూడదంటారు. మన ఊళ్లో మే నెల సాయంత్రాలు అంతకంటే వేడిగానే ఉంటాయి. అందుకే నూనె, నిమ్మరసం చాలనుకున్నాను.

నా లెక్కలో పాస్తా సలాడ్ కూడా పులిహోర లాంటిదే. కలిపి పక్కన పెట్టాలి, పులుపు లోపలికి పట్టాలి, ఆ తర్వాతే తినాలి. ఇలా అనుకున్నాక సగం భయం పోయింది.

స్క్రూ ఆకారంలో ఉండే ఫ్యూసిల్లి ఒక కిలో తీసుకున్నాను. ఆ మెలికల్లో మసాలా నిలుస్తుంది. ప్యాకెట్ వెనక డ్యూరం గోధుమ రవ్వ అని ఉందో లేదో చూసే కొనాలి, మైదాతో చేసింది తొందరగా మెత్తబడిపోతుంది. అరకిలోకి ఐదు లీటర్ల చొప్పున నీళ్లు రెండు గిన్నెల్లో మరిగించి, లీటరుకు పది గ్రాముల లెక్కన ఉప్పేశాను. ఉడికిందో లేదో తెలియాలంటే ఒక ముక్కను గోటితో తుంచి చూడాలి. మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనిపిస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. వేడిగా తినేదైతే ఆ చుక్క మాయమవుతుండగానే దించేయొచ్చు. సలాడ్‌కి మాత్రం ఇంకో నిమిషం ఉంచాలి, చల్లారాక పాస్తా గట్టిపడుతుంది కదా. వార్చి, చన్నీళ్లు పోసి, నీళ్లు పూర్తిగా ఓడ్చి వెడల్పాటి బేసిన్‌లో పరిచాను.

ఆవకాయ రోజులు కాబట్టి ఇంట్లో ఆవపిండి ఉంది. చెంచా ఆవపిండిని కాసిని నీళ్లలో నానబెట్టి, నిమ్మరసం, దానికి రెండింతలు చెనక్కాయల నూనె, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు, కొంచెం చక్కెర వేసి సీసాలో గట్టిగా గిలకొట్టాను. ఆవపిండి ఉంటే నూనె, నిమ్మరసం తొందరగా విడిపోవు. నాలుక మీద వేసుకుంటే కాస్త ఎక్కువైందే అనిపించేలా ఉండాలి ఉప్పూ పులుపూ, చల్లబడ్డాక రెండూ తగ్గినట్టుంటాయి. సగం అప్పుడే పాస్తాకి పట్టించి, మిగతా సగం సీసాలోనే ఉంచాను.

సలాడ్‌ని చెడగొట్టేది కూరగాయల్లోని నీళ్లే. కీరదోసకాయ గింజలు తీసి, ముక్కలకు ఉప్పు రాసి, పావుగంట తర్వాత పిండాను. మదనపల్లె టమోటాలు కోసి లోపలి గుజ్జు తీసేశాను (అది మరుసటి రోజు చారుకి పనికొచ్చింది). క్యాప్సికం, క్యారెట్, ఉడికించిన శెనగలు కలిపాను. వీటన్నిటికంటే నాకు ఎక్కువ నచ్చింది బెంగళూరా మామిడికాయ. పుల్లగా ఉన్నా నోరు కొట్టుకుపోదు, ఎంతసేపున్నా కరకరలాడుతుంది. తిరుపతిలో ఉండి ఆలివ్ కాయల కోసం వెతకాల్సిన పనేముంది?

పొద్దున కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం పెద్ద బేసిన్‌లో ఐసు పోసి, దాని మధ్యలో స్టీలు గిన్నె దించి మిద్దెకు మోసుకెళ్లాం. వడ్డించే ముందు మిగిలిన నూనె, నిమ్మరసం, కొత్తిమీర, వేయించి పొట్టు తీసిన చెనక్కాయలు వేసి కలిపాను. చెనక్కాయలు ముందే వేస్తే మెత్తబడిపోతాయి.

పక్క ఫ్లాట్ అత్త గిన్నెలోకి తొంగిచూసి, "ఎర్రగడ్డలేమైనా ఏసినావా?" అని అడిగింది.

"లేదత్తా, తెల్లగడ్డ కూడా వెయ్యలేదు."

"అయితే పెట్టు" అంది. ఒక ముక్క నమిలి, "మామిడికాయ బాగుండాది" అని ఇంకో గరిటె వేయించుకుంది. ఇలా అడుగుతారనే నేను ఉల్లి పక్కన పెట్టాను. పదిమంది కలిసి తినే చోట ఒక్కరు కూడా ప్లేటు పట్టుకుని ఆగిపోకూడదు.

పిల్లలు రెండోసారి వచ్చారు. కిలో పాస్తా, పక్కన అన్ని వంటలుండగా, ముప్పై మందికి సరిపోయింది. వచ్చే నెల పాట్‌లక్‌కి కూడా ఇదే చెయ్యమన్నారు. అప్పటికి బెంగళూరా పండుతుంది కాబట్టి నిమ్మరసం కాస్త పెంచి, పండు ముక్కలతో చేసి చూడాలి.