మంగ ముద్ద ముట్టని రోజులు

షెల్టర్ నుంచి తెచ్చుకునేటప్పటికే మా పిల్లి మంగకు 12 ఏళ్లు దాటాయని చెప్పారు. పెంచుకున్నవాళ్లు విదేశం వెళ్తూ వదిలేశారట. వచ్చినవాళ్లంతా పిల్లికూనల దగ్గర మూగుతుంటే, ఇది వెనక గూట్లో ముడుచుకుని కూర్చుంది. "ముసలిదాన్ని తెచ్చుకుంటే ఎన్నాళ్లు ఉంటుందమ్మా?" అన్నారు అత్తయ్య. ఇంటిపట్టున పెరిగే పిల్లులు 15 ఏళ్లు దాటీ బతుకుతాయి. ఆ మిగిలిన కాలం దానికి ఓ ఇల్లుండాలనిపించింది నాకు.

వచ్చిన దగ్గర్నుంచీ మంచం కిందే. పెట్టింది పెట్టినట్టే ఉండేది. కొత్త చోటని బెంగ పెట్టుకుంది, అదే సర్దుకుంటుందన్నారు అందరూ. షెల్టర్‌కి ఫోన్ చేస్తే అక్కడా కొన్నాళ్లుగా సరిగా తినడం లేదన్నారు. టార్చి వేసి చూస్తే చెవుల లోపల, చిగుళ్ల మీద పసుపు రంగు. వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం.

తిండి మానేసిన పిల్లికి ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుందట, ఆ పసుపు దాని గుర్తే. బొద్దుగా ఉన్నవాటికి ఇంకా ప్రమాదం. రెండు మూడు రోజులు కడుపు మాడినా చాలు, మొదలైపోవచ్చు. మంగ తినకపోవడానికి అసలు కారణం బెంగ కాదు, పన్ను. చిగురు దగ్గర కరిగిపోయి, ముట్టుకుంటే వణికిపోయేంత నొప్పి. ముసలి పిల్లి తినకపోతే దయచేసి వయసు మీదకి తోసేయకండి.

ఈ కాలేయం జబ్బుకి అసలు మందు తిండే. మెడ పక్క నుంచి అన్నవాహికలోకి సన్నటి గొట్టం వేశారు. మాంసం మేతను గోరువెచ్చని నీళ్లతో మిక్సీ పట్టి, టీ జల్లెడలో వడకట్టి, సిరంజితో మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే వాంతి చేసుకుంటుంది. ముందూ వెనకా నీళ్లు పంపకపోతే గొట్టం పూడుకుపోతుంది. మొదట్లో కొంచెం కొంచెంగానే పెంచమన్నారు. మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోతాయట. ప్రతి పూటా నాకు టెన్షనే. ఒళ్లో పెట్టుకుని పట్టుకునే పని అత్తయ్య తీసుకున్నారు. "పెరుగన్నం కాస్త కలపకూడదా?" అని అడిగేవారు. పిల్లికి మాంసమే ఆధారమని డాక్టర్ చెప్పాక మానేశారు. పక్కింటావిడ జ్వరం సిరప్ వేయమంది. అందులో ఉండేది పారాసిటమాల్, పిల్లి ప్రాణం తీస్తుంది. ఈ సంగతి పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో తెలియాలి.

చెవుల పసుపు మెల్లగా తగ్గింది. రక్తంలో ఆ పసుపు తెచ్చే బిలిరుబిన్ దిగాక పన్ను తీశారు. గొట్టం ఇంకా ఉండగానే, ఒక మధ్యాహ్నం అత్తయ్య ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప వేడివేడిగా చిదిమి పళ్లెంలో పెట్టారు. వాసన చూసింది, నాకింది, మొత్తం తినేసింది. "ఏమే మంగా, ఇంకా కావాలా?" అంటూ అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత గొట్టం తీసేశారు. కుట్టు కూడా అక్కర్లేకుండా ఆ రంధ్రం దానంతటదే పూడింది.

ఈ వయసులో కిడ్నీల మీద కన్నేసి ఉంచాలన్నారు. అందుకే 6 నెలలకోసారి రక్తపరీక్ష. వచ్చే నెల కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి, ఈసారి నేనే తీసుకెళ్తానంటున్నారు అత్తయ్య.