200 టీషర్టుల్లో పదకొండోది

తిరుప్పూర్‌లో 5,000 కాటన్ టీషర్టుల ఆర్డరు ప్యాకయిందనుకుందాం. బయ్యరు తరఫు ఇన్‌స్పెక్టరు వచ్చి, కార్టన్లు తనే ఎంచుకుని, 200 పీసులు బయటికి తీయిస్తాడు. ఏక్యూఎల్ (తప్పుల్ని ఎంతవరకు ఒప్పుకోవచ్చో చెప్పే హద్దు) 2.5, లెవెల్ 2 (మామూలు తనిఖీ స్థాయి) పట్టిక ప్రకారం మేజర్ తప్పులు, అంటే కొన్నవాడు ఒప్పుకోనివి, 10 వరకు ఉంటే పాస్. పదకొండోది దొరికితే ఫెయిల్. సూది ముక్కలాంటి క్రిటికల్ తప్పయితే ఒక్కటి చాలు.

ఫెయిలైతే 5,000 పీసులూ విప్పాలి. ఒక్కొక్కటీ చూసి, రిపేరు చేసి, మళ్లీ ఇస్త్రీ, మళ్లీ మడత. ఈలోపు తూత్తుకుడిలో ఓడ వెళ్లిపోతుంది. గడువు దాటకూడదంటే సరుకు విమానం ఎక్కించాలి, ఆ బిల్లు సాధారణంగా ఫ్యాక్టరీ నెత్తినే పడుతుంది. ఆర్డరు మీద వచ్చే లాభం అక్కడే ఆవిరి.

చాలామంది ఏక్యూఎల్ 2.5 అంటే నూటికి రెండున్నర తప్పులు చేసుకోవచ్చని అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మీ లాట్‌లో నిజంగా 2.5 శాతం తప్పులుంటే పాసయ్యే అవకాశం నూటికి 98 పైనే. 5 శాతం ఉంటే 58కి పడిపోతుంది. 8 శాతమైతే 8 కూడా ఉండదు. అంటే 5 శాతం దగ్గర నడిచే ఫ్యాక్టరీ ప్రతి షిప్‌మెంటుకూ బొమ్మా బొరుసూ ఆడుతోంది. రెండుసార్లు వరసగా బొమ్మ పడేసరికి మన క్వాలిటీ బాగుందని నమ్మేస్తారు, అదే ప్రమాదం.

ఆ 5ని 2కి దించే పని ప్యాకింగ్ టేబుల్ దగ్గర జరగదు. కటింగ్‌కి ముందే మొదలవ్వాలి.

ముందు గుడ్డ. ఫోర్ పాయింట్ పద్ధతిలో 3 అంగుళాల లోపు తప్పుకి 1 పాయింటు, 9 అంగుళాలు దాటితే 4. చిల్లు అంగుళం లోపున్నా 2, దాటితే 4. 100 చదరపు గజాలకి 40 పాయింట్లు దాటిన రోల్‌ని మామూలుగా పక్కన పెడతారు. ఇది అందరూ చేసేదే. అసలు దెబ్బ కొట్టేది ష్రింకేజ్.

వాష్ చేసి అమ్మే స్టైల్ తీసుకోండి. బాడీ పొడవు 70 సెంటీమీటర్లు రావాలి, టాలరెన్స్ అటూ ఇటూ ఒకటి. గుడ్డ 5 శాతం కుంచించుకుంటుందని ప్యాటర్న్ 73.7కి పెట్టారు. రోల్స్ మూడు డైయింగ్ లాట్లవి, ఒకటి 4 శాతం, ఒకటి 6, ఒకటి 7. వాష్ తర్వాత మొదటిది 70.8, రెండోది 69.3, రెండూ గట్టెక్కాయి. మూడోది 68.5, ఆ లాట్ మొత్తం పొట్టి. కుట్టులో ఏ తప్పూ లేదు, అయినా పీసు రిజెక్ట్. ప్రతి రోల్ నుంచి ముక్క కోసి, కొలత గుర్తు పెట్టి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలిచి, ష్రింకేజ్‌ని బట్టి రోల్స్‌ని గుంపులు చేసి, గుంపుకో ప్యాటర్న్ పెడితే ఇది రాదు. లైక్రా కలిసిన గుడ్డయితే లే (కటింగ్‌కి గుడ్డని పొరలుగా పరిచేది) పరిచేముందు రోల్ విప్పి ఒక రోజు వదిలేయాలి. టైం లేదని ఎగ్గొట్టేది సరిగ్గా ఈ ఒక్క రోజునే.

ఇక సూది. అల్లిక గుడ్డ మీద మొన పదునుగా ఉన్న సూది వాడితే నూలు పోగు తెగుతుంది. లైన్‌లో ఏమీ కనపడదు. ఉతికాక కుట్టు పక్కన చిన్న చిన్న చిల్లులు బయటపడతాయి, అప్పటికి టీషర్టు కొన్నవాడి ఇంట్లో ఉంటుంది. బాల్ పాయింట్ సూది వేయాలి, సన్న జెర్సీకి (టీషర్టుల అల్లిక గుడ్డకి) 65 నుంచి 75 సైజు చాలు. మొద్దుబారకముందే మార్చేయాలి. ఖర్చు పెద్దదేం కాదు, స్టోర్ నుంచి కొత్త సూది అడిగితే కసిరే అలవాటు మాత్రం పోవాలి.

లైన్‌లో తిరుగుతూ చెక్ చేసే వాళ్లు ఒక్కో మెషిన్ దగ్గర 7 పీసులు చూసి కార్డు పెడతారు. తప్పు లేకపోతే పచ్చ, ఒకటుంటే పసుపు, రెండుంటే ఎరుపు. ఎరుపు పడితే మెషిన్ ఆపాలి, ముందు కుట్టిన బండిల్ కూడా విప్పి చూడాలి. గంట టార్గెట్ మీదున్న సూపర్‌వైజరు చెకర్‌ని బతిమాలి పసుపుతో సరిపెట్టించడం కొత్తేమీ కాదు. అందుకే చెకర్లు ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉండకూడదు.

ఐఎస్ఓ 9001 (నాణ్యత నిర్వహణ పద్ధతికిచ్చే) సర్టిఫికెట్ బయ్యరు గుమ్మం వరకు తీసుకెళుతుంది, అంతే. లోపలికొచ్చాక వాళ్లడిగేవి వేరు. యూరప్‌కైతే నిషేధిత అజో రంగుల నుంచి వచ్చే అమైన్లు (హానికర రసాయనాలు) కిలోకి 30 మిల్లీగ్రాములు దాటలేదన్న ల్యాబ్ రిపోర్టు కావాలి. విరిగిన సూదుల రిజిస్టరూ చూస్తారు. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, పక్కపక్కన పేర్చి, టేపుతో రిజిస్టర్లో అంటించాకే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ మెషిన్ చుట్టూ ఉన్న బండిల్స్ అన్నీ మెటల్ డిటెక్టర్ గుండా వెళ్లాల్సిందే.