మీకేం కావాలో మీరే చెప్పాలి

“మీకేం కావాలో మీరు చెప్పకపోతే నేనెలా సాయం చెయ్యను?”

అమెరికాలో లా లైబ్రేరియన్ పనిలోకి, అంటే న్యాయ గ్రంథాలయాల్లో తీర్పులూ చట్టాలూ వెతికిపెట్టే పనిలోకి వచ్చిన మనవాళ్ళకి మెంటర్ (దారి చూపే సీనియర్) నోట రెండో కాల్‌లోనో మూడో కాల్‌లోనో ఈ మాట పడుతుంది. నాకూ పడింది. అన్న మనిషి గొంతులో కోపం ఉండదు, చిరాకూ ఉండదు. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు మింగుడుపడదు. చేసిన తప్పేమిటి? చెప్పింది విన్నాం, రాసుకున్నాం, మధ్యలో అడ్డు రాలేదు. వాళ్ళ టైము తినకూడదని ప్రశ్నలు కూడా దాచుకున్నాం. అది మర్యాద అనుకున్నాం. అవతలి మనిషికి మాత్రం ఈ పిల్లకో పిల్లాడికో ఆసక్తి లేదని తోచింది.

మన దగ్గర పద్ధతి వేరు. బార్ అసోసియేషన్ లైబ్రరీలో ఏఐఆర్ అనే తీర్పుల సంకలనం తిరగేస్తున్న జూనియర్ భుజం మీదుగా తొంగిచూసి, “అది కాదమ్మా, ఆ తీర్పుని తర్వాత సుప్రీంకోర్టు కొట్టేసింది, పై అరలో ఎస్‌సీసీ తియ్యి” అనే పెద్దాయన ఒకరుంటారు. ఆయన్నెవరూ అడగరు. ఆయనే చూస్తారు, ఆయనే చెబుతారు. ఎక్కడైనా ఖాళీ ఉంటే ఆయనే కబురంపుతారు. ఆ చూపుకి అలవాటుపడ్డవాళ్ళం ఇక్కడా ఎవరో ఒకరు గమనిస్తారని కూర్చుంటాం. ఇక్కడ ఎవరూ అలా భుజం మీదుగా చూడరు. అడగని సలహా ఇవ్వడం హద్దు దాటడం కింద లెక్క.

నాకిప్పటికీ మన పెద్దాయన చూపులోనే ఆప్యాయత ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఆయన కంటపడని జూనియర్ల సంగతేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇక్కడి మెంటరింగ్ ఫారం ఎవరు నింపినా తీసుకుంటారు. ఎవరి కంటా పడనక్కర్లేదు.

ఈ వృత్తికి పెద్ద దిక్కు అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ లా లైబ్రరీస్, పొట్టిగా ఏఏఎల్ఎల్. 1906లో పుట్టింది, ఆఫీసు షికాగోలో. దానికి అనుబంధంగా ప్రాంతాల వారీగా చాప్టర్లున్నాయి: న్యూయార్క్‌కి ఒకటి, షికాగోకి ఒకటి, దక్షిణ కాలిఫోర్నియాకి ఒకటి, ఆగ్నేయ రాష్ట్రాలకి ఒకటి, ఇలా. పనిని బట్టి సెక్షన్లు వేరే: లా స్కూళ్ళవాళ్ళవి, లా ఫర్మ్‌లవాళ్ళవి, కోర్టు, ప్రభుత్వ లైబ్రరీలవాళ్ళవి, విదేశీ, అంతర్జాతీయ చట్టం చూసేవాళ్ళవి. మెంటర్లూ డబ్బూ ఒక్క జాతీయ సంఘంలోనే ఉంటాయనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి చాప్టర్ గ్రాంటు చిన్నదైనా పోటీ తక్కువ, కమిటీలో ఉన్నవాళ్ళు మీ ఊరి చుట్టుపక్కలే పనిచేస్తుంటారు. కొత్తవాళ్ళు ముందు తలుపు తట్టాల్సింది అక్కడే.

మెంటర్‌ని కలిపే ఫారంలో ‘మీ లక్ష్యం’ అని ఒక గడి ఉంటుంది. మనవాళ్ళు అక్కడ “కెరీర్ గైడెన్స్ కావాలి” అని ఒక్క ముక్క రాస్తారు. దాన్నిబట్టి ఎవరికి ఎవరిని జత చెయ్యాలో కమిటీకి తెలీదు. ఇలా రాయాలి: “కౌంటీ లా లైబ్రరీలో పార్ట్‌టైం చేస్తున్నాను. ఏడాదిలోపు లా స్కూల్‌లో రెఫరెన్స్ ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టాలి. నా కవర్ లెటర్ చూడాలి, టీచింగ్ డెమో ఒకసారి విని తప్పులు చెప్పాలి.” ఈ నాలుగు ముక్కలతో మెంటర్ పని సగం తేలికవుతుంది.

మెంటర్లు జీతం తీసుకుని ఈ పని చెయ్యరు. తమ ఉద్యోగం చేసుకుంటూ నెలకి ఒక అరగంటో ముప్పావుగంటో ఇస్తారు. కాబట్టి కాల్‌కి రెండు రోజుల ముందు మీ రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన, మూడు ప్రశ్నలు మెయిల్‌లో వెళ్ళాలి. మూడంటే మూడే. కాల్ చివర్లో తర్వాతి తేదీ మీరే అడగాలి, మీరే క్యాలెండర్‌లో పెట్టాలి. మరునాడు ఐదారు వాక్యాల మెయిల్ పంపాలి: మీరు ఇది చెప్పారు, నేను ఇది చేస్తాను, ఫలానా తేదీకల్లా చూపిస్తాను. పిలవడం పేరుతోనే. పేరు పెట్టి పిలవలేక మెయిల్ మొదలుపెట్టడమే వాయిదా వేసేవాళ్ళున్నారు. మొదటి రెండుసార్లు నాలుక మొరాయిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు అంత పనికొస్తుంది. మన ఎల్ఎల్‌బీల విషయమే చూడండి. “నా డిగ్రీ చెల్లుతుందా?” అంటే మెంటర్ చెప్పగలిగేది తక్కువ. లా స్కూళ్ళ రెఫరెన్స్ ఉద్యోగాలకి (అడిగినవాళ్ళకి సమాచారం వెతికి ఇచ్చేవి) చాలావరకు రెండు డిగ్రీలు అడుగుతారు: అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తించిన లైబ్రరీ మాస్టర్స్ ఒకటి, ఇక్కడి లా డిగ్రీ జేడీ ఒకటి. లా ఫర్మ్‌లలో, కోర్టుల్లో చాలాచోట్ల లైబ్రరీ డిగ్రీ ఒక్కటే సరిపోతుంది. కొన్ని ప్రకటనల్లో ‘అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తించిన లా స్కూల్ నుంచి జేడీ’ అని కచ్చితంగా ఉంటుంది, కొన్నిట్లో ‘జేడీ లేదా దానికి సమానమైనది’ అని ఉంటుంది. రెండు ప్రకటనలూ పక్కపక్కన పెట్టి, “ఈ రెండోదానికి నా ఎల్ఎల్‌బీ, ఇక్కడ చేసిన ఎల్ఎల్ఎం కలిపి పెడితే కమిటీ ఎలా చూస్తుంది?” అని అడగండి. విదేశీ చట్టం చూసే ఉద్యోగాల్లో మన డిగ్రీ బలమే. అక్కడ మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ లాంటి భారతీయ తీర్పుల డేటాబేస్‌లు వాడటం వచ్చిన మనిషి దొరకడం కష్టం.

ఇంటర్వ్యూ సాధనకీ మెంటర్‌ని వాడుకోవాలి. లా స్కూల్ ఇంటర్వ్యూ ఒక పూట పని కాదు. ముందు వీడియో కాల్, అది దాటితే రోజంతా క్యాంపస్‌లో, మధ్యలో ఇరవై, ముప్ఫై నిమిషాల ప్రెజెంటేషన్. భోజనం బల్ల దగ్గర జరిగేదీ ఇంటర్వ్యూయే. పెద్దల ముందు మాట్లాడకూడదని అక్కడ మౌనంగా తినేసి వచ్చేవాళ్ళకి ఆ మౌనమే అడ్డమవుతుంది. లా ఫర్మ్‌లయితే చేతిపని చూస్తారు: ఫలానా తీర్పు ఇంకా చెల్లుబాటులో ఉందా అని వెస్ట్‌లా డేటాబేస్‌లో కీసైట్‌తో, లెక్సిస్‌లో షెపర్డ్స్‌తో చూసి చెప్పమంటారు, ఫెడరల్ కోర్టు దస్త్రం తియ్యమంటారు. ఆ దస్త్రాల సైటు పేసర్‌లో పేజీకి 10 సెంట్లు, మామూలు పత్రం ఎంత పెద్దదైనా 3 డాలర్లకి మించదు. మూడు నెలల్లో మొత్తం 30 డాలర్లు దాటకపోతే బిల్లే రాదు. ఆ లోపలే ఉంటూ ఎంత సాధన అయినా చేసుకోవచ్చు. ఈ సంగతి తెలీక, డబ్బు పోతుందని దాని జోలికే వెళ్ళనివాళ్ళున్నారు.

ఇక డబ్బు. అడగందే అమ్మైనా పెట్టదని మనమే అంటాం గానీ, ఆ సామెత వంటింటి గడప దాటదు. బయటివాళ్ళని డబ్బడగడం మనకి నామోషీ. ఏఏఎల్ఎల్ స్కాలర్‌షిప్పుల్లో లా డిగ్రీ ఉండి లైబ్రరీ డిగ్రీ చేసేవాళ్ళకి ఒకటి, లా డిగ్రీ లేకుండా లైబ్రరీ డిగ్రీ చేసేవాళ్ళకి ఒకటి, లైబ్రరీ డిగ్రీ ఉండి లా స్కూల్‌కి వెళ్ళేవాళ్ళకి ఒకటి, ఇలా విడివిడిగా ఉన్నాయి. జార్జ్ ఎ. స్ట్రెయిట్ పేరుమీద మైనారిటీ వర్గాలవారి కోసం పెట్టినదీ ఉంది. అది మనకి కాదులే అని చదవకుండానే పక్కన పెట్టెయ్యకండి. ఆ ఏటి నిబంధనలు తెరిచి, అర్హత, పౌరసత్వం గురించి ఏం రాశారో చూసుకోండి. గడువు చాలా ఏళ్ళు ఏప్రిల్ 1 దగ్గరే ఉంటూ వచ్చింది. అంటే పని జనవరిలో మొదలవ్వాలి.

ఆర్థిక అవసరం గురించి రాసే చోట మన చెయ్యి ఆగిపోతుంది. ఇంటి గుట్టు రచ్చకెక్కించినట్టుంటుంది. అక్కడ కష్టాల కథ రాయనక్కర్లేదు, అంకెలు చాలు: ట్యూషన్ ఇంత, జీతం ఇంత, ఇంటికి పంపేది ఇంత, తగ్గుతున్నది ఇంత. చదివేవాళ్ళకి కావలసింది ఆ చివరి అంకె.

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది సిఫారసు లేఖల దగ్గర. మనం అందరికంటే పెద్ద హోదా ఉన్నవారిని అడుగుతాం. వాళ్ళు మన పని చూసి ఉండరు. “చిత్తశుద్ధి, కష్టపడే తత్వం” అని నాలుగు లైన్లు రాస్తారు. అదే రెఫరెన్స్ డెస్క్ దగ్గర పక్కన కూర్చున్న సూపర్‌వైజర్ అయితే, రాష్ట్ర శాసనం ఒకటి ఏ సవరణతో మారిందో మీరెలా వెతికి పట్టుకున్నారో రాస్తారు. ఒక నెల ముందు అడగండి. రెజ్యూమే, దరఖాస్తు వ్యాసం చిత్తుప్రతి, గడువు తేదీ, లేఖలో ఉంటే బాగుండే మూడు సంగతులు కలిపి పంపండి. గడువుకి వారం ముందు ఒకసారి గుర్తుచెయ్యండి. గుర్తుచేస్తే ఏమీ అనుకోరు. గుర్తుచెయ్యక లేఖ రాకపోతే నష్టం మీకే.

జూలైలో జరిగే వార్షిక సదస్సుకి వెళ్ళడానికి ఇచ్చే గ్రాంట్లలో ఒక చిక్కుంది. చాలావరకు ముందు మీ జేబులోంచి పెట్టుకోవాలి, తర్వాత రసీదులు చూసి ఇస్తారు. రిజిస్ట్రేషన్, విమానం, హోటల్ కలిపితే కొత్తగా వచ్చినవాళ్ళ క్రెడిట్ కార్డు పరిమితి దాటిపోతుంది. గ్రాంటు వచ్చిందన్న కబురుతోపాటే “రిజిస్ట్రేషన్ మీరే నేరుగా కట్టగలరా?” అని అడగండి. గది ఇంకొకరితో పంచుకుంటే రసీదులో మీ పేరు, మీ వాటా విడిగా రాయించుకోండి. అక్కడ కోనెల్ అని కొత్త లా లైబ్రేరియన్ల కోసమే ఒక కార్యక్రమం జరుగుతుంది. మొదటి ఏడాది దాన్ని వదులుకోవద్దు.

ఉద్యోగం చేస్తున్నవాళ్ళు యజమాని ఇచ్చే చదువు సాయం గురించి అడగాలి. ఏడాదికి 5,250 డాలర్ల వరకు దానిమీద ఫెడరల్ పన్ను పడదు. చదువయ్యాక కొన్నాళ్ళు అక్కడే పనిచెయ్యాలన్న షరతు ఉందేమో సంతకానికి ముందే చూసుకోండి. వీసా మారే ఆలోచన ఉంటే అది మెడకి చుట్టుకుంటుంది.

వీసా సంగతి మెంటర్‌కి తెలియకపోవచ్చు. అందుకని మనమే చూసుకోవాలి. విద్యార్థి వీసా ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకి స్కాలర్‌షిప్ తీసుకోవడంలో ఇబ్బంది లేదు. కానీ ఫెలోషిప్ అని పేరుపెట్టి పనిచేయిస్తే అది ఉద్యోగమే. క్యాంపస్‌లో అయితే సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటకూడదు, బయట అయితే విద్యార్థులకిచ్చే పని అనుమతి, సీపీటీయో ఓపీటీయో, ఉండాలి. అనుభవం కోసమని లా ఫర్మ్‌లో జీతం లేకుండా చేస్తానని మాత్రం ఒప్పుకోకండి. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న మన ఆడపిల్లల్లో ఎల్ఎల్‌బీ చేసినవాళ్ళు చాలామంది ఇంట్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళు చదువుకోవచ్చు, పనితో ముడిపెట్టని స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. పని అనుమతి లేకుండా అసిస్టెంట్‌షిప్ మాత్రం కుదరదు. ఇది ఎవరూ చెప్పక ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు. ఈ ఒక్క విషయం తల్చుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఉద్యోగ వీసా హెచ్-1బీకి యూనివర్సిటీ లైబ్రరీలు ఏటా 85,000 వీసాలన్న పరిమితిలోకి రావు, లాటరీ ఉండదు. లా ఫర్మ్‌లకి ఉంటుంది. కౌంటీ లైబ్రరీ ప్రభుత్వానిదే కదా అని దానికీ మినహాయింపు ఉందనుకోవద్దు.

పన్ను కూడా. డిగ్రీ కోసం ఇచ్చిన డబ్బులో ట్యూషన్‌కి, ఫీజులకి, కోర్సుకి తప్పనిసరైన పుస్తకాలకి వెళ్ళినదాని మీద పన్ను లేదు. ఇంటద్దెకి, తిండికి వాడినదాని మీద ఉంది, ఎఫ్-1 వాళ్ళకి మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ ప్రకారం అర్హత ఉన్న మన విద్యార్థులు 1040-ఎన్ఆర్ అనే పన్ను ఫారంలో స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే స్థిరమైన మొత్తం) తీసుకోవచ్చు. పట్టుకున్నదాంట్లో కొంతో అంతో తిరిగి వస్తుంది.

మెంటరింగ్ ఏడాదితో ముగుస్తుంది. గడువు దాటాక వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చెయ్యరు. మన పెద్దాయనైతే పదేళ్ళ తర్వాత పెళ్ళిలో కనిపించినా “ఇప్పుడెక్కడున్నావమ్మా?” అని అడుగుతారు. ఆ లోటు ఉంది, లేదనను. స్కాలర్‌షిప్ రాకపోతే ఆ లోటు ఇంకా పెద్దదవుతుంది. ఎందుకంటే ముఖం చెల్లక మనమే మాయమైపోతాం. మెంటర్ అటు ఫలితం ఏమైందోనని చూస్తుంటారు. ఫలితం తెలిసిన వారంలోనే మూడు లైన్లు వెళ్ళాలి: “ఈసారి రాలేదు. వచ్చే ఏడాది మళ్ళీ పెడుతున్నాను. కొత్త వ్యాసం జనవరి చివరికి సిద్ధం చేస్తాను, ఒకసారి చదివి ఎక్కడ బలహీనంగా ఉందో చెబుతారా?”