టెన్షన్ కాదమ్మా, ఫియోక్రోమోసైటోమా

ఫియోక్రోమోసైటోమా, అంటే అడ్రినల్ గ్రంథిలో హార్మోన్లు కుమ్మరించే గడ్డ. దాన్ని తీసేసిన ఆపరేషనై ఎనిమిది నెలలైంది. బీపీ మిషను చప్పుడుకు ఒళ్లు జలదరించడం ఆగింది కనక రాస్తున్నా.

రెండేళ్లు వేధించినవి మూడే: తల పగిలే నొప్పి, చెమట, గుండె దడ. పావుగంటలో పోయేవి. డాక్టరు దగ్గరికెళ్లేసరికి అంతా మామూలే. "ఈ వయసులో మామూలేనమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ మాత్ర రాశాడాయన. ఆ మాటకన్నా ఆ మాత్రే ప్రమాదమని తర్వాత తెలిసింది.

మూత్రపిండం మీద కూర్చునే అడ్రినల్ గ్రంథి నడిమధ్యన, అడ్రినలిన్ తయారుచేసే క్రోమాఫిన్ కణాలుంటాయి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో డోపమైన్ చేసి, చిన్న సంచుల్లోకి తోడిపోస్తాయి. దాన్నుంచి నోరడ్రినలిన్ అనే హార్మోన్ తయారయ్యేది ఆ సంచిలోనే. అది బయటికొచ్చి అడ్రినలిన్‌గా మారి, తిరిగి సంచిలో చేరుతుంది. ఏటీపీ అనే చిన్న అణువూ, క్రోమోగ్రానిన్ అనే ప్రోటీనూ దాన్ని ముద్దగా పట్టి ఉంచుతాయి. నరం నుంచి కబురొచ్చి, కాల్షియం లోపలికి దూసుకొస్తేనే సంచి కణం అంచుకు అతుక్కుని తెరుచుకోవాలి. నా ఎడమ గ్రంథిలోని నాలుగు సెంటీమీటర్ల గడ్డకు ఆ కబురక్కర్లేదు, బుద్ధి పుట్టినప్పుడు కుమ్మరించేది.

ఒక రాత్రి వాంతులని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కెళ్తే వాంతులాపే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షనిచ్చారు. ఐదు నిమిషాలు కాలేదు, బీపీ 240/130. చేతులు మంచుగడ్డలు. మా ఆయన నా చెమట తుడిచిన తువాలు పిండితే నీళ్లు కారాయి. ఈ గడ్డ ఉన్నవాళ్లకు ఆ మందు పడదు, సంచుల్లో సరుకును ఒక్కసారే బయటికి తోయించగలదు. సరే, వాళ్లకు గడ్డ సంగతి తెలీదు. కానీ ఆ అంకె చూశాక కూడా "భయపడుతోందంతే" అన్న డ్యూటీ డాక్టర్ని క్షమించలేను.

పట్టుకుంది ఐసీయూలో పీజీ చదివే పిల్ల. "మెటానెఫ్రిన్స్ పంపిద్దాం సార్" అంది, అదో రక్తపరీక్ష. అడ్రినలిన్ వచ్చిపోతుంటుంది. సంచుల్లోంచి కారేది మాత్రం గడ్డలోనే మెటానెఫ్రిన్‌గా మారి ఎప్పుడూ రక్తంలో కలుస్తుంటుంది, అందుకే దొరుకుతుంది. అరగంట పడుకోబెట్టి రక్తం తీయాలి. కూర్చోబెట్టి తీస్తే లేనిది ఉన్నట్టు చూపించొచ్చు. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

మందులకో వరసుంది: ముందు నాళాల బిగింపు ఆపే ఆల్ఫా బ్లాకర్, గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్ అవసరమైతే తర్వాతే. తిరగేస్తే రక్తనాళాల్ని వదులుచేసే దారి మూసుకుపోయి బిగించేదే మిగులుతుంది. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు నీళ్లూ ఉప్పూ ఎక్కువ తీసుకోమన్నారు. ఇన్నాళ్లూ బిగుసుకున్న నాళాలు తెరుచుకుంటే, నింపడానికి రక్తం చాలదు. ఏళ్లుగా ఉప్పు మానమన్న మా అత్తయ్య మజ్జిగలో స్పూనుతో ఉప్పేసి, అనుమానంగా చూస్తూ ఇచ్చేది.

ఆపరేషన్ గురించి చెప్పేదేం లేదు. ఆ రాత్రి మాత్రం షుగర్ 58కి పడింది. అడ్రినలిన్ అణిచిపెట్టిన ఇన్సులిన్ ఒక్కసారిగా లేచింది. గంటగంటకూ చూడమని ముందే అడగండి.

ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇది వంశంలోంచే వస్తుంది. నా జన్యుపరీక్షలోనూ తేలింది. మా చెల్లి ఇంకా చేయించుకోలేదు. వెంకన్నకు మొక్కుకుందట, చాలంటోంది.