మొజావే ఎడారిలో లావా గుహ: నా అనుభవం

లాస్ ఏంజెలెస్ నుంచి వేగాస్ వెళ్లే మనవాళ్లు చాలామంది దారిలో బేకర్ అనే చిన్న ఊళ్లో ఆగి, 134 అడుగుల థర్మామీటర్ దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతారు. విశాఖ నుంచి వచ్చిన నాన్నకి లావా గుహ చూపించాలని, మేం అక్కడి నుంచి కెల్‌బేకర్ రోడ్డు మీదుగా మొజావే నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ఎడారి ప్రాంతంలోకి వెళ్లాం.

దాదాపు 20 మైళ్లు తారురోడ్డు. ఆ తర్వాత ఐకెన్ మైన్ రోడ్డు. అంతా మట్టి, గతుకులు, మధ్యలో ఇసుక. కాస్త ఎత్తున్న బండి అయితేనే మంచిది. ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాను. చుట్టూ చల్లారిపోయిన చిన్న చిన్న అగ్నిపర్వతాలు, నల్లటి రాళ్లు.

బండి ఆపిన చోటి నుంచి కొద్దిగా నడిస్తే నేలలో గొయ్యి, అందులోకి ఇనుప మెట్లు. దిగగానే ఎండ వేడి తగ్గింది. కానీ కాళ్ల కింద అంతా ఎగుడుదిగుడు రాళ్లే. ఒకచోట కప్పు బాగా కిందికి వచ్చేస్తుంది. అక్కడ నాన్న మోకాళ్ల గురించి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన మాత్రం రాయి పట్టుకుని, వంగి మెల్లగా దాటేశారు.

"బొర్రాలోలాగా వేలాడే రాళ్లు లేవేమ్మా?" అన్నారు.

"అది సున్నపురాయి నాన్నా, నీళ్లు కరిగించిన గుహ. ఇక్కడ పారే లావా పైపైన చల్లారి గట్టిపడింది. లోపలిది వేడిగా పారుతూ పారుతూ దిగువకి వెళ్లిపోయింది. మిగిలిన గొట్టమే ఇది."

ఆ ఇరుకు దాటాక లోపల విశాలంగా ఉంది. కప్పు కూలిన కన్నాల్లోంచి ఎండ నిట్టనిలువుగా పడుతోంది. దీనికోసమే మధ్యాహ్నానికి చేరేలా బయల్దేరాం. మన నడకకు లేచిన ధూళి చాలు, కిరణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫోటోల కోసం ఎవరో గుప్పిళ్లతో మట్టి ఎగరేస్తుంటే నాకు బాధేసింది. ఆ మూసుకున్న చోట అందరూ పీల్చాల్సింది అదే గాలి కదా!

వేరే గుహల్లో తిరిగిన బూట్లు, బట్టలు ఇక్కడ వాడకండి. గబ్బిలాలను చంపే వైట్‌నోస్ అనే ఫంగస్ జబ్బు అలాగే ఒక గుహ నుంచి ఇంకోదానికి చేరుతుంది. ఒక్కొక్కరికి ఒక లైటు, కావలసినదానికంటే ఎక్కువే నీళ్లు పెట్టుకోండి. పిల్లలుంటే గుహ పైభాగంలో నడిచేటప్పుడు వాళ్ల చెయ్యి వదలొద్దు, లోపల మనం చూసి మురిసిపోయే ఆ కన్నాలు ఉండేది అక్కడే.