తరగతి గది గడప దాటాక

గురువారం, రాత్రి

వార్షికోత్సవం దగ్గరపడింది. యూనిట్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి, తరగతి గోడల మీది ఐఎఫ్‌పీ ప్యానెళ్లలో (పెద్ద టచ్ తెరల్లో) వేసుకోవడానికి అందరూ పాఠాలు సర్దుకుంటున్నారు. అందుకే ఈ రోజు స్టాఫ్‌రూంలో కాపీరైట్ మాటే ఎక్కువ నడిచింది. అసెంబ్లీ అవగానే తెలుగు మేడం అడిగారు: "పుస్తకంలో పది శాతం దాకా స్కాన్ చేసి పిల్లలకు ఇవ్వొచ్చటగా? అంతకు మించితే కేసవుతుందట, నిజమేనా?"

ఈ పది శాతం లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. అది అమెరికా సరుకు. అక్కడ 1976లో ప్రచురణకర్తలు, రచయితలు, విద్యాసంస్థల వాళ్లు కూర్చుని ఒప్పుకున్న మార్గదర్శకాల్లో, వచన రచన నుంచి 1000 మాటలు లేదా 10 శాతం, ఏది తక్కువైతే అంత అని రాసుకున్నారు. పాటలో 30 సెకన్ల దాకా వాడుకోవచ్చనే మాట కూడా ఆ తర్వాత మల్టీమీడియా కోసం రాసుకున్న అలాంటి కాగితాల నుంచే వచ్చింది. అవి అక్కడ కూడా చట్టం కావు. వాళ్ల చట్టంలోని 107వ సెక్షన్ ఏ అంకె చెప్పదు. ఎందుకు వాడారు, ఎలాంటి రచన, ఎంత తీసుకున్నారు, దాని అమ్మకానికి దెబ్బ తగిలిందా అనే నాలుగు సంగతులు తూచి చూడమంటుంది. ఆ లెక్క యూట్యూబ్ వీడియోల్లో పడి మన బడుల దాకా వచ్చేసింది. దానికి భయపడి పాఠానికి కావలసిన పేజీలు కూడా ఇవ్వడం మానేసిన టీచర్లున్నారంటే బాధగా ఉంటుంది.

మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఏయే పనులు ఉల్లంఘన కావో ఒక్కొక్కటే రాసిపెట్టారు. అందులో 52(1)(ఐ) మన కోసమే పెట్టినది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో ఏ రచననైనా ప్రతి తీసుకోవచ్చు. పరీక్ష ప్రశ్నల్లో వాడొచ్చు, జవాబుల్లోనూ వాడొచ్చు. శాతాలూ పేజీలూ లేవు. అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాచుకోవడం కూడా ప్రతి తీయడం కిందికే వస్తుంది. కాబట్టి జిరాక్స్‌కు ఉన్న వెసులుబాటు పీడీఎఫ్‌కూ ఉంటుంది.

ఈ క్లాజు బలమెంతో ఢిల్లీ యూనివర్సిటీ కేసులో తేలింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో యూనివర్సిటీ మీద, అక్కడి రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ మీద దావా వేశాయి. సిలబస్‌లోని అధ్యాయాలను రకరకాల పుస్తకాల నుంచి జిరాక్స్ తీసి, కోర్సు ప్యాకుగా కుట్టి విద్యార్థులకు అమ్ముతున్నారన్నది ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో సింగిల్ జడ్జి దావా కొట్టేశారు. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి తీర్పు ఇంకా స్పష్టంగా ఉంది. బోధన అంటే గంట కొట్టినప్పటి నుంచి మళ్లీ గంట కొట్టేదాకా జరిగేది మాత్రమే కాదు. ముందు చదువుకుని రమ్మని ఇచ్చేది, తర్వాత చూసుకోమని ఇచ్చేది కూడా అందులోదే. ఎంత తీసుకున్నారన్నదానికి కొలత, ఆ పాఠానికి అది అవసరమా అన్నదే. ఈ కేసులో ఆ పేజీలు నిజంగా పాఠానికి కావలసినవేనా అన్నది విచారణలో తేల్చమని వెనక్కి పంపారు. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. ఆ తీర్పు మీద మరో సంస్థ అప్పీలుకు వెళ్తే, అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు కూడా అందులో వేలు పెట్టలేదు.

మేడంకు చెప్పింది ఇదే. పద్యం కావాలంటే పద్యం, వ్యాసం కావాలంటే వ్యాసం మొత్తం తీసుకోండి. మూడు పేజీల కోసం మూడొందల పేజీల పుస్తకం స్కాన్ చేయొద్దు. పాఠానికి ఆ మూడు పేజీలే కావాలి కాబట్టి మిగతాదానికి సమర్థన దొరకదు. ఆ ఫైలు పదో తరగతి పిల్లల గ్రూపులోనే ఉండాలి. జిల్లా టీచర్ల టెలిగ్రామ్ చానల్లోకి వెళ్తే అది బోధన దాటి పంపకం అవుతుంది. గైడ్లు, టెస్టు పేపర్ల పుస్తకాలు కవరు నుంచి కవరు దాకా పీడీఎఫ్ చేసి వందల మందికి పంపడాన్ని ఏ క్లాజూ కాపాడదు. తెలిసి చేస్తే 63వ సెక్షన్ ఉంది: ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా.

నా దృష్టిలో టీచర్లు నేర్చుకోవలసిన అసలు సంగతి ఇదే. "ఎంత" అన్న ప్రశ్న కన్నా "ఎవరి దాకా" అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. మన చట్టం తరగతికి చాలా పెద్ద చోటు ఇచ్చింది. ఆ చోటు తరగతి గది గడప దగ్గర ఆగిపోతుంది.

మేడం రెండో సందేహం పాత పద్యాల మీద. రచయిత పోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్క. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. జాషువా 1971లో పోయారు, 2031 చివరిదాకా హక్కు ఉంటుంది. శ్రీశ్రీవి 2043 చివరిదాకా. తరగతిలో చెప్పడానికి ఇవేవీ అడ్డం కావు. బడి వెబ్‌సైట్లో పెట్టాలన్నా, యూట్యూబ్ చానల్లో చదివి వినిపించాలన్నా మాత్రం ఈ తేదీలు చూసుకోవాలి. పద్యం పాతదైనా కింద ఇచ్చిన తాత్పర్యం, ముందుమాట, బొమ్మ కొత్తవైతే వాటి హక్కు వేరు. పద్యం పాడిన రికార్డుకూ వేరే లెక్క, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కనిపించింది కదా అని స్వేచ్ఛగా వాడుకోవచ్చని అనుకోకూడదు, ఎవరో ఎక్కించారంతే. తెలుగు వికీసోర్స్‌లో ప్రతి పుస్తకానికీ హక్కుల వివరం చూసి పెడతారు కాబట్టి ముందు అక్కడ వెతకడం మంచిది.

మూడో పీరియడ్ అంతా సైన్స్ సార్‌తో గుండె బొమ్మ మీదే గడిచింది. ఆయన గూగుల్‌లో దొరికిన బొమ్మ ఒకటి తెచ్చారు, అడ్డంగా ఒక కంపెనీ వాటర్‌మార్క్ ఉంది. తరగతిలో చూపించడం వరకు చట్టం కాస్తుంది. కానీ అదే స్లైడును మండలం వర్క్‌షాపులో పంచి, చానల్లోనూ పెడతానంటున్నారు. అలాంటప్పుడు మొదటే ఓపెన్ లైసెన్సు బొమ్మ, అంటే కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని గీసినవారే ముందుగా అనుమతి ఇచ్చినది తీసుకుంటే గొడవ ఉండదు. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ నొక్కి, యూసేజ్ రైట్స్‌లో క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే ఓపెన్ లైసెన్సు ఎంచుకోవాలి. ఆ వడపోతను గుడ్డిగా నమ్మకుండా అసలు పేజీ తెరిచి లైసెన్సు కళ్లారా చూడాలి. ఇంకా నేరుగా కావాలంటే ఓపెన్ లైసెన్సు బొమ్మలుండే వికీమీడియా కామన్స్ సైటులో వెతకాలి.

క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పేరులో వచ్చే అక్షరాలు చాలా ముఖ్యం. బై అంటే పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మార్చినదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి కుదరదు. ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు. మన దగ్గర ఎక్కువగా తప్పేది ఈ ఎన్‌డీ దగ్గరే. ఇంగ్లీషు పేర్లు తీసేసి తెలుగు పేర్లు పెట్టడం కూడా మార్పే అని చాలామందికి తోచదు.

మేం తీసుకున్నది బై-ఎస్ఏ లైసెన్సున్న ఎస్‌వీజీ ఫైలు, అంటే గీతలనూ పేర్లనూ విడివిడిగా మార్చుకోగలిగే బొమ్మ. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కుడి కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని, త్రిపత్ర కవాటం అని పేర్లు మార్చాం. పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే కర్సర్ రాకుండా చుక్కల గీతలు వస్తే, గీసినాయన అక్షరాలను పాత్‌గా, అంటే ఉత్త గీతలుగా మార్చేశాడని అర్థం. తీసేసి కొత్తగా టైపు చేయాలి. ఫాంటుకూ లైసెన్సు ఉంటుంది. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వస్తాయి, నిశ్చింతగా వాడొచ్చు. పని అయ్యాక ఎస్‌వీజీనే ప్యానెల్‌కు ఎక్కిస్తే, అక్కడ ఆ ఫాంటు లేక అక్షరాల రూపు చెదిరిపోతుంది. 300 డీపీఐతో పీఎన్‌జీ (మామూలు బొమ్మ ఫైలు)గా ఎగుమతి చేసుకుంటే ఆ ఇబ్బంది లేదు. స్లైడు అడుగున ఒక్క వరస: బొమ్మ పేరు, గీసినవారి పేరు, వికీమీడియా కామన్స్ లింకు, సీసీ బై-ఎస్ఏ 3.0, తెలుగు పేర్లు చేర్చాం. మార్పు చేశామని చెప్పడం కూడా లైసెన్సు షరతే. ఈ వరసను చివరి స్లైడులో కుప్పగా పెడితే ఎవరో ఒక స్లైడును విడిగా ఫార్వర్డ్ చేసిన రోజు పేరు ఊడిపోతుంది. బొమ్మ కిందే ఉండాలి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దిగుతాయి కదా అని సార్ అడిగారు. ఉచితం వేరు, హక్కు వదులుకోవడం వేరు. ఆ పుస్తకాల మీద హక్కు వాళ్లదే. ప్రభుత్వ పాఠాల పోర్టల్ దీక్షలో అయితే ప్రతి పాఠం వివరాల్లో లైసెన్సు రాసి ఉంటుంది, ఎక్కువగా క్రియేటివ్ కామన్స్‌వే. చూసి తీసుకోవాలి.

మధ్యాహ్నం భోజనాలప్పుడు వార్షికోత్సవం సంగతి వచ్చింది. ఆరు డాన్సులూ సినిమా పాటలకే. 52(1)(జె) ప్రకారం బడి కార్యక్రమంలో పాటా సినిమా వేసుకోవచ్చు, చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంరక్షకులు, బడితో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే. ఊరి మైదానంలో స్టేజీ కట్టి వచ్చేపోయేవాళ్లందరినీ కూర్చోబెడితే ఆ షరతు పోతుంది. అప్పుడు పాట, బాణీల హక్కులకు ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ దగ్గర, రికార్డింగులకు పీపీఎల్ అనే సంస్థ దగ్గర అనుమతి అడగాల్సి రావచ్చు. హెచ్ఎం గారు బడి ఆవరణలోనే పెడదామన్నారు, అది సరైన నిర్ణయం.

యూట్యూబ్ లైవ్ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. లైవ్ అంటే ప్రపంచమంతా ప్రేక్షకులే. కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను తనంతట తానే గుర్తించే యూట్యూబ్ ఏర్పాటు) పాటను పట్టుకుంటే ప్రసారం మధ్యలోనే ఆగొచ్చు, మనవరాలి డాన్సు చూద్దామని ఫోను పట్టుకున్న తాతయ్యకు ఖాళీ తెర మిగులుతుంది. రికార్డు చేసి పెట్టినా క్లెయిం వస్తుంది. క్లెయిం అంటే ప్రకటనల డబ్బు వాళ్లకు వెళ్లడమో, వీడియో ఆగిపోవడమో. స్ట్రైక్ వేరు, అది హక్కుదారు ఫిర్యాదు మీద చానల్‌కు పడే హెచ్చరిక. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోతుంది, ఏళ్లుగా ఎక్కించిన పాఠాలన్నీ దానితో పాటే. క్లెయిం వచ్చినప్పుడు స్టూడియోలో ఆ ముక్క కత్తిరించడం, పాట మార్చడం, పాట వరకు మూయడం అనే దారులుంటాయి. అన్‌లిస్టెడ్ పెడితే చాలనుకుంటారు. లింకు ఉన్న ఎవరికైనా అది తెరుచుకుంటుంది, కంటెంట్ ఐడీ దాన్నీ చూస్తుంది. తల్లిదండ్రులకు వీడియో ఇవ్వాలంటే డ్రైవ్‌లో పెట్టి, షేరింగ్ రిస్ట్రిక్టెడ్‌లో ఉంచి, మెయిల్ ఐడీలు చేర్చాలి. కొంచెం పనే, తప్పదు.

సోషల్ మేడం తన సొంత ఓటీటీ అకౌంట్‌తో ఒక డాక్యుమెంటరీ చూపిద్దామంటున్నారు. ఇక్కడ చట్టం ఒకటి, ఒప్పందం ఒకటి. చట్టం ఒప్పుకున్నా, అకౌంటు తీసుకునేటప్పుడు వ్యక్తిగత వాడకానికే అని ఒప్పుకుని ఉంటాం. నెట్‌ఫ్లిక్స్ అయితే తన డాక్యుమెంటరీల్లో కొన్నింటికి చదువు కోసం ఒకసారి ప్రదర్శించుకునే అనుమతి ఇస్తుంది. ఆ సినిమా వివరాల పేజీలో ఆ మాట ఉందో లేదో ముందు చూసుకోవాలి. యూట్యూబ్ వీడియో అయితే లింకు తెరిచి చూపించడమే పద్ధతి. థర్డ్ పార్టీ సైట్లతో డౌన్‌లోడ్ చేయడం వాళ్ల షరతులకు విరుద్ధం. నెట్ పోతుందన్న భయం ఉంటే యాప్‌లోనే డౌన్‌లోడ్ బటన్ ఉన్నచోట అది వాడుకోవాలి.

సాయంత్రం తొమ్మిదో తరగతిలో చూపు లేని అమ్మాయి కోసం కథల పుస్తకం ఆడియో చేసే పని మొదలైంది. దీనికి అనుమతులు అడుగుతూ కూర్చోనక్కర్లేదు. 2012 సవరణతో వచ్చిన 52(1)(జెడ్‌బీ) ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఏ రచననైనా వాళ్లకు అందే రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు, లాభం చూసుకోకూడదు. చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందించే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. ఈ క్లాజు గురించి బడుల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు, అందుకే చూపు లేని పిల్లలు ఇంకా పక్కవాళ్లు చదివి వినిపిస్తేనే చదువుకుంటున్నారు. ముందు చూపు లేనివాళ్ల కోసం నడిచే ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో ఆ పుస్తకం ఉందేమో చూశాం, లేదు. ముగ్గురు పిల్లలు అధ్యాయాలు పంచుకుని ఫోనులో చదివి రికార్డు చేస్తున్నారు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు, ఫైలు పేరులో ముందు అంకె, మొదటి వాక్యంలో పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీ నంబరు. పేజీ మారినప్పుడల్లా నంబరు చదవాలని చెప్పాం, లేకపోతే తరగతిలో "ఇరవై మూడో పేజీ తీయండి" అన్నప్పుడు ఆ అమ్మాయి వెతుక్కోవలసి వస్తుంది. రేపటికి రెండు అధ్యాయాలు వస్తాయి.